ఎక్స్‌రే చదివింది ఎవరు?

ఆళ్లగడ్డలో పాతికేళ్లుగా రాయి చెక్కుతున్న శిల్పికి దగ్గు పట్టుకుని వదలడం లేదనుకుందాం. మెట్లెక్కితే ఆయాసం, మనిషి చిక్కిపోవడం, సాయంత్రమయ్యేసరికి నీరసం. ఛాతీ ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లో సన్నసన్న మచ్చలు. ఆ ఫిల్ము చూసిన ఒక డాక్టరు టి.బి. అంటారు, ఆరు నెలల మందులు మొదలవుతాయి. మరో డాక్టరు రాతిధూళి వల్ల వచ్చిన సిలికోసిస్ అంటారు. దాన్ని నయం చేసే మందు లేదు, ధూళికి దూరం కావడమే దారి. ఇంకొకరు రెండూ ఉన్నాయంటారు. సిలికోసిస్ ఉన్నవారికి టి.బి. సోకే ముప్పు ఎక్కువ గనుక ఆ మాటనూ కొట్టిపారేయలేం. ఇంటివాళ్లకు మాత్రం చేరేది 'ఊపిరితిత్తుల్లో నిమ్ము' అనే ఒకే మాట. రెండు జబ్బులూ ఎక్కువగా కనిపించేది ఊపిరితిత్తుల పైభాగంలోనే. మచ్చలు కలిసిపోయి ముద్దకట్టాయంటే అది పాత టి.బి.నా, ముదిరిన సిలికోసిసా, క్యాన్సరా అన్నది ఫిల్ము మీద తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే. కఫం పరీక్షలో క్రిములు దొరికితే టి.బి. సంగతి తేలుతుంది. దొరక్కపోతే ఆ మనిషి చికిత్స, ఆపైన బతుకుతెరువు, ఎక్స్‌రేను ఎవరు ఎలా చదివారన్న దాని మీదే ఆధారపడతాయి.

ఒకే ఫిల్మును ఇద్దరు రెండు రకాలుగా చదవడం గురించి వైద్యశాస్త్రానికి దాదాపు ఎనభై ఏళ్లుగా తెలుసు. తెలిసింది కూడా అనుకోకుండానే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో టి.బి. రోగులను వెతికి పట్టుకోవడానికి ఏ రకం ఫిల్ము మేలో తేల్చాలని ఒక బృందం పూనుకుంది. 1,256 మందికి నాలుగు పద్ధతుల్లో ఎక్స్‌రేలు తీసి, అయిదుగురు నిపుణులతో విడివిడిగా చదివించారు. 1947లో అచ్చయిన ఫలితం అందరినీ దిగ్భ్రమకు గురిచేసింది. ఫిల్ములకూ ఫిల్ములకూ మధ్య ఉన్న తేడా కన్నా చదివేవారికీ చదివేవారికీ మధ్య ఉన్న తేడాయే ఎక్కువ! జబ్బు ఉందన్న ఫిల్ముల్లో ఒకరితో మరొకరికి సుమారు మూడో వంతులో పొసగలేదు. కొంత కాలం తర్వాత అవే ఫిల్ములను అదే డాక్టరుకు మళ్లీ ఇస్తే సుమారు అయిదో వంతులో ఆయన మాట ఆయనతోనే కలవలేదు. ఈ పని వెనక ఉన్న గణాంక నిపుణుడు యెరుషాల్మీ, దాని ప్రాముఖ్యాన్ని తోటి రేడియాలజిస్టులకు పదేపదే గుర్తుచేసిన హెన్రీ గార్లండ్ ఇద్దరూ ఒక విషయం స్పష్టంగా చెప్పారు: ఇది చేతకాని డాక్టర్ల కథ కాదు, చదివినవాళ్లు ఆ రంగంలో పేరున్నవాళ్లే.

ఆ తర్వాత ఏ అవయవం చూసినా ఇదే వరస. 1994లో అమెరికాలో పదిమంది రేడియాలజిస్టులకు 150 మంది స్త్రీల మామోగ్రామ్‌లు ఇచ్చారు. నిజంగా క్యాన్సర్ ఉన్నవారిలో 'వెంటనే తదుపరి పరీక్షలు చేయించాలి' అన్న సిఫారసు డాక్టరును బట్టి 74 నుంచి 96 శాతం దాకా మారింది. క్యాన్సర్ లేనివారి విషయంలోనైతే 11 నుంచి 65 శాతం దాకా! అంటే ఏ జబ్బూ లేని మనిషి తదుపరి పరీక్షలకు వెళ్లాలా వద్దా అన్నది ఆమె రొమ్ము కన్నా ఆమె ఫిల్ము ఎవరి టేబుల్ మీద పడిందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడింది. 2007లో నెలతక్కువ పిల్లల కంటి రెటీనా బొమ్మలు 34 తీసుకుని 22 మంది నిపుణులకు చూపించారు. అందరూ ఒకే మాట చెప్పినవి నాలుగంటే నాలుగే. పసికందుకు లేజర్ చికిత్స చేయాలా, ఆగాలా అని నిర్ణయించే ప్రశ్న అది.

'అయినా నూటికి తొంభైసార్లు డాక్టర్లు ఏకీభవిస్తూనే ఉంటారుగా' అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ తొంభై ఎంత మోసం చేయగలదో లెక్క వేసి చూద్దాం. వందమంది రాతి కార్మికుల ఫిల్ములు ఇద్దరు డాక్టర్లు చదివారు. 85 మందికి ఏమీ లేదని ఇద్దరూ అన్నారు. అయిదుగురికి జబ్బు ఉందని ఇద్దరూ అన్నారు. మరో అయిదుగురి విషయంలో మొదటి డాక్టరు ఉందన్నారు, రెండో డాక్టరు లేదన్నారు. ఇంకో అయిదుగురి విషయంలో అటుది ఇటు. మొత్తం ఏకాభిప్రాయం 90 శాతం. చూడటానికి బాగానే ఉంది. కానీ కనీసం ఒక డాక్టరైనా జబ్బు ఉందన్నవారు 15 మంది. వారిలో ఇద్దరూ ఒప్పుకున్నది అయిదుగురి విషయంలోనే. మిగతా పదిమందికీ తలరాత డాక్టరును బట్టి మారింది. ఇద్దరూ ఫిల్ములు చూడకుండానే పదో వంతు మందికి 'ఉంది' అని రాసుకుంటూ పోయినా 82 శాతం కలుస్తుంది. ఈ కాకతాళీయపు కలయికను తీసేసి మిగిలిన నిజమైన ఏకీభావాన్ని కొలిచేదే జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన 'కప్పా'. సున్నా అంటే గుడ్డిగా కలిసినదానికన్నా ఎక్కువేమీ లేదని, ఒకటి అంటే సంపూర్ణంగా కలిసిందని. మన ఉదాహరణలో అది 0.44. ముందు చెప్పిన మామోగ్రామ్ అధ్యయనంలో ఇద్దరిద్దరి మధ్య కప్పాలకు మధ్యస్థ విలువ 0.47.

అయితే కప్పాను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. అదే ఇద్దరు డాక్టర్లు సగం మంది రోగులే ఉండే ఆసుపత్రిలో చదివి, మళ్లీ నూటికి తొంభైసార్లు ఏకీభవించి, తేడా వచ్చిన పది ఫిల్ములూ చెరి అయిదుగా పంచుకుంటే కప్పా 0.80కి ఎగబాకుతుంది. డాక్టర్లు మారలేదు, నైపుణ్యం మారలేదు, మారింది ముందు కూర్చున్న జనం. ఈ చిక్కును ఫైన్‌స్టైన్, సిచెట్టీ 1990లో విడమరిచి చెప్పారు. 0.61 నుంచి 0.80 దాకా ఉంటే 'గట్టి ఏకీభావం' అంటూ చాలా పరిశోధనా పత్రాలు వల్లించే కొలబద్దను 1977లో ఇచ్చిన లాండిస్, కోచ్ కూడా ఆ గీతలు తాము ఇష్టానుసారం గీసినవేనని అక్కడే రాశారు. అందుకే ఏ అధ్యయనమైనా ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం. ఎంతమందిలో, ఎలాంటి జనంలో, ఏ వైపు తేడా వచ్చిందో నాలుగు గళ్ల పట్టిక మొత్తం చూపించాలి.

తేడా ఉందని ఒప్పుకున్నాక దానితో ఎలా వ్యవహరించాలి? దీనికి అందరికన్నా నిజాయితీగా జవాబు వెతికింది ధూళి జబ్బుల రంగమేనని నాకనిపిస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో జొహానెస్‌బర్గ్‌లో జరిపిన సమావేశం నుంచి మొదలుపెట్టి, దశాబ్దాలుగా సవరించుకుంటూ వచ్చిన వర్గీకరణ ఒకటుంది. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. డాక్టరు ముందు రోగి ఫిల్ము ఒక పక్క, ప్రామాణిక ఫిల్ములు మరో పక్క పెట్టుకుంటారు. మొట్టమొదట రాయాల్సింది జబ్బు పేరు కాదు, ఫిల్ము నాణ్యత: బాగుంది, ఫరవాలేదు, లోపాలున్నాయి గానీ చదవొచ్చు, చదవడానికి పనికిరాదు అని నాలుగు మెట్లు. ఎందుకంటే కిరణాల మోతాదు తక్కువై తెల్లబారిన ఫిల్ములో లేని మచ్చలు కూడా ఉన్నట్టు తోస్తాయి. ఎక్కువై నల్లబడితే ఉన్నవీ మాయమవుతాయి. ఊపిరి పూర్తిగా పీల్చకముందే తీస్తే ఊపిరితిత్తుల అడుగున గీతలన్నీ దగ్గరపడి జబ్బులా కనిపిస్తాయి. ఆ తర్వాత మచ్చల ఆకారం: గుండ్రటివైతే పరిమాణాన్ని బట్టి పీ, క్యూ, ఆర్, ఆకారం లేనివైతే ఎస్, టీ, యూ. ఆ తర్వాతే సాంద్రత: సున్నా నుంచి మూడు దాకా నాలుగు తరగతులు, వాటిలో మళ్లీ పన్నెండు మెట్లు.

ఈ పన్నెండు మెట్లలోనే అసలు గొప్పతనం ఉంది. డాక్టరు '1/0' అని రాస్తే దానర్థం: నేను ఒకటో తరగతిగా నిర్ణయించాను, అయితే సున్నా కావచ్చునేమోనని గట్టిగానే ఆలోచించాను. '0/1' అంటే జబ్బు లేదని నిర్ణయించాను, ఉండొచ్చునేమోనని ఆలోచించాను. '1/1' అంటే వేరే ఆలోచన రాలేదు. రెండు అంకెల్లో నిర్ణయమూ దాని పక్కనే సందేహమూ రిపోర్టులోకి ఎక్కాయి. ఇలా రాసినప్పుడు ఒక డాక్టరు 1/0 అని, మరొకరు 0/1 అని అంటే వాళ్లు పోట్లాడుకుంటున్నట్టు కాదు, ఒకే గీతకు అటూ ఇటూ నిలబడ్డారని తెలుస్తుంది. 'ఉంది', 'లేదు' అని మాత్రమే రాయమంటే అదే తేడా పూర్తి వైరుధ్యంలా కనిపించేది. ఇంకో సంగతి: ఈ వర్గీకరణ కనిపించినదాన్ని వర్ణించమంటుందే గాని జబ్బు పేరు తేల్చమనదు. కన్ను చూసినదీ బుద్ధి తేల్చినదీ వేరువేరు గళ్లలో ఉంటాయి కాబట్టి తేడా ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్లి పట్టుకోవచ్చు. బొగ్గుగని కార్మికుల ఫిల్ములు చదివే డాక్టర్ల మధ్య తేడాలు భరించలేనంతగా ఉన్నాయని తేలి, అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1974 నుంచి 'బి రీడర్' పేరుతో పరీక్ష పెట్టి సర్టిఫికెట్లు ఇస్తోంది. గడువు తీరితే సర్టిఫికెట్‌ను మళ్లీ సంపాదించుకోవాల్సిందే. గని కార్మికుల ఫిల్ములను ఇద్దరు విడివిడిగా చదువుతారు, పొసగకపోతే మూడో వ్యక్తి చదువుతారు.

ఇంత కట్టుదిట్టం చేసినా, డబ్బు మధ్యలో దూరితే ఏమవుతుందో 2004లో బయటపడింది. ఆస్‌బెస్టాస్ నష్టపరిహారం కేసుల్లో కక్షిదారుల న్యాయవాదులు పెట్టుకున్న రీడర్లు 492 ఫిల్ముల్లో 95.9 శాతానికి జబ్బు ఉందని రాశారు. అవే ఫిల్ములను సంబంధం లేని ఆరుగురు రీడర్లు, వివరాలేమీ చెప్పకుండా ఇస్తే, చదివిన వాటిలో ఉందన్నది 4.5 శాతమే. ఇది కంటి తేడా అని ఎవరూ అనలేరు. దీని రెండో ముఖం 2013లో పత్రికా పరిశోధనలో వెలుగు చూసింది: బొగ్గు కంపెనీలు ఆశ్రయించే ఒక ప్రసిద్ధ ఆసుపత్రి రీడరు 2000 తర్వాత తేలిన 1,500కు పైగా కేసుల్లో ముదిరిన గని జబ్బు ఉందని ఒక్కసారి కూడా రాయలేదు. మన దేశంలో రాజస్థాన్ 2019లో ధూళి జబ్బుల విధానం తెచ్చి, సిలికోసిస్ ధ్రువీకరణ అయినవారికి మూడు లక్షలు, మరణిస్తే కుటుంబానికి మరో రెండు లక్షలు ఇస్తోంది. అలాంటి పథకం ఆంధ్రప్రదేశ్‌లోనూ రావాలని నేను కోరుకుంటాను. వచ్చిన రోజున ప్రతి ఫిల్ము వెనకా ఒక డబ్బు లెక్క నిలబడుతుంది. చదివేవారి మధ్య తేడాను ముందే కొలిచి పెట్టుకోకపోతే, అప్పుడు నిజాయితీగా వచ్చిన తేడా ఏదో, కొనుక్కున్న తేడా ఏదో వేరుచేయడానికి ఆధారమే ఉండదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఇద్దరూ ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమవుతుందా? కాదు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర ఒకే తప్పు నేర్చుకుని ఉండొచ్చు. రాతి కార్మికుడి మచ్చలన్నిటినీ టి.బి. అనడమే అలవాటైన చోట నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తూనే నూటికి నూరుపాళ్లు పొరబడవచ్చు. దీన్ని ఒప్పుకుంటాను. అయితే దీన్నుంచి ఏకీభావాన్ని కొలవడం వృథా అనే ముగింపు రాదు. ఇద్దరు రెండు మాటలు చెప్పిన ప్రతిచోటా కనీసం ఒకరు తప్పన్నది మాత్రం ఖాయం. అంటే ఏకీభావం లోపించడం తప్పుకు కనీస లెక్క చూపిస్తుంది; అసలు తప్పు అంతకన్నా ఎక్కువే కావచ్చు, తక్కువ కాజాలదు. ఊపిరితిత్తి ముక్క తీసి చూడటం ప్రతి రోగికీ సాధ్యం కానప్పుడు, నిజమేదో నేరుగా తెలియనప్పుడు, చేతిలో ఉన్న కొలత ఇదొక్కటే.

రోగి వృత్తి తెలియకుండా ఫిల్ము చదవమనడం కృత్రిమం కదా అనేది మరో అభ్యంతరం. నిజమే, 'రాయి చెక్కుతాడు' అన్న ఒక్క మాట వింటే డాక్టరు చూపు మారుతుంది. చికిత్స చేసే డాక్టరుకు ఆ మాట తెలిసి తీరాలి. మన దగ్గర జరిగే నష్టం ఎక్కువగా ఆ మాట ఎవరూ అడగకపోవడం వల్లే. ఎక్స్‌రే చీటీ మీద పేరు, వయసు, 'దగ్గు' అని ఉంటుంది, వృత్తి ఉండదు. కానీ రేపు ఆళ్లగడ్డ శిల్పుల్లోనో, బేతంచెర్ల, బనగానపల్లె నాపరాయి పాలిషింగ్ కార్మికుల్లోనో ఎంతమందికి ధూళి జబ్బు ఉందని సర్వే చేస్తే, వృత్తి ముందే తెలిసిన రీడరు లేనిది చూడొచ్చు. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ, సున్నపురాయిలో తక్కువ; ఉలీ సుత్తీ పోయి గ్రైండర్లు, కటింగ్ మిషన్లు వచ్చిన చోట గాలిలోకి లేచే సన్నపొడి మరీ ఎక్కువ. ఇవన్నీ తెలిసిన రీడరు ఏదో ఒకటి ఊహించుకునే కూర్చుంటారు. ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి అడ్డం రావు. ముందు వివరాలు చూడకుండా చదివి గ్రేడు రాసేయాలి, ఆ తర్వాత వృత్తి, లక్షణాలు, కఫం పరీక్ష చూసి జబ్బు పేరు రాయాలి. రెండూ రిపోర్టులో ఉండాలి.

ఇక మన నేల మీద పరిస్థితి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపడి, ఆళ్లగడ్డ ఉన్న ప్రాంతం నంద్యాల జిల్లా అయింది. 2023లో నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. శాంతిరామ్ మెడికల్ కాలేజీ అంతకుముందు నుంచే ఉంది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు హైవే మీద సుమారు నలభై కిలోమీటర్లు, అక్కడా తేలకపోతే కర్నూలు పెద్దాసుపత్రి. ఈ దారిలో ఒక ఫిల్ము ఎన్ని రూపాలెత్తుతుందో గమనించాలి. చిన్న ఊళ్లో టెక్నీషియన్ తీసిన ఎక్స్‌రేను రేడియాలజిస్టు లేకపోతే డ్యూటీ డాక్టరే చూస్తారు, లేదా ఆన్‌లైన్‌లో ఎక్కడో కూర్చున్న డాక్టరు చదువుతారు. ఇంకోచోట ఫిల్మును కిటికీకో ట్యూబ్‌లైటుకో ఎదురుగా పట్టి ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఫొటోలో ట్యూబ్‌లైటు మెరుపు ఒక తెల్లచార, వేలు పట్టుకున్న మూల ఒక నల్లమచ్చ. పైగా పంపేటప్పుడు యాప్ బొమ్మను కుదించేస్తుంది. మిల్లీమీటరున్నర కన్నా చిన్నవైన 'పీ' రకం మచ్చలు మొదట మాయమయ్యేది అక్కడే. ఇలాంటి ఫొటో చూసి ఇద్దరు డాక్టర్లు విభేదిస్తే తప్పు కంటిది కాదు, బొమ్మది. ఏకీభావం పెంచడానికి అన్నిటికన్నా చవకైన మార్గం మంచి ఫిల్ము తీయడమే. ఆ పని టెక్నీషియన్ చేతిలో ఉంది, కానీ టెక్నీషియన్ శిక్షణ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

కంప్యూటర్ చదివితే ఈ గొడవే ఉండదని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. పదిహేనేళ్లు నిండినవారి ఛాతీ ఎక్స్‌రేల్లో టి.బి.ని జల్లెడ పట్టడానికి మనిషికి బదులు సాఫ్ట్‌వేర్ వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. రేడియాలజిస్టులు కరువైన చోట ఇది మేలే, నేను వ్యతిరేకించను. అదే బొమ్మను వందసార్లు ఇచ్చినా అదే జవాబు వస్తుంది. 1947 నాటి డాక్టరు తనతో తనే విభేదించిన బాధ ఉండదు. అయితే సాఫ్ట్‌వేర్ ఇచ్చేది ఒక అంకె. ఎంత దాటితే 'అనుమానం' అనాలో గీత గీసేది మళ్లీ మనుషులే. టి.బి. కోసం నేర్పిన యంత్రం రాతి కార్మికుడి మచ్చలను కూడా టి.బి. అనే ప్రమాదం ఉంది, అదీ ప్రతిసారీ ఒకే రకంగా. అన్నిటికన్నా లోతైన సంగతి, యంత్రానికి నేర్పిన 'నిజం' ఎక్కడిదనేది. 2016లో గూగుల్ బృందం షుగర్ రోగుల రెటీనా బొమ్మల మీద చేసిన పేరొందిన పనిలో ఒక్కో బొమ్మను మూడు నుంచి ఏడుగురు దాకా కంటి డాక్టర్లు చదివారు. అందుకు 54 మందిని కూడగట్టాల్సి వచ్చింది. 2018లో క్యూర్ ఏఐ బృందం, శశాంక్ చిలంకుర్తి తొలి రచయితగా, తల సీటీ స్కాన్ల మీద లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనంలో యంత్రాన్ని పరీక్షించడానికి వాడిన 491 స్కాన్లకు ముగ్గురు రేడియాలజిస్టుల మెజారిటీ మాటనే ప్రమాణంగా పెట్టుకున్నారు. యంత్రం నిర్మించేవారు ఒక్క డాక్టరు మాటను నమ్మలేదు, ముగ్గుర్ని అడిగారు. యంత్రానికి పాఠం చెప్పడానికో, దాన్ని పరీక్షించడానికో మూడు చదువులు కావాల్సి వచ్చినప్పుడు, ఆళ్లగడ్డ మనిషికి ఒక్క చదువుతో సరిపెట్టడం ఎలా న్యాయం?

'ఒకసారి చదవడానికే డాక్టర్లు లేరు, రెండోసారి ఎవరు చదువుతారు' అనే ప్రశ్నకు విలువ ఉంది. ప్రతి ఫిల్మూ రెండుసార్లు చదవాలని నేను అనడం లేదు. ఇద్దరు డాక్టర్ల మధ్య తేడా ఎక్కువగా వచ్చేది గీత దగ్గరి ఫిల్ముల్లోనే. మొదటి రీడరు 0/1, 1/0 అని రాసినవి, కఫంలో క్రిములు లేకపోయినా టి.బి. మందులు మొదలుపెట్టబోయేవి, రాళ్లలో పనిచేసేవారివి, ఈ మూడు రకాలనే రెండో కంటికి పంపితే పని కొండంత కాదు. మిగతావాటిలో ఇరవైకొకటి యాదృచ్ఛికంగా ఏరి మళ్లీ చదివితే తేడా ఎంత ఉందో ఏడాదికోసారి లెక్క తేలుతుంది. మెడికల్ కాలేజీల రేడియాలజీ విభాగాలకు ఇది బరువు కాదు, బోధన. నేర్చుకునే డాక్టరు తాను రాసిన గ్రేడు పక్కన సీనియర్ గ్రేడు చూసుకున్నప్పుడు కలిగే దిద్దుబాటు ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు.

సందేహం రాస్తే కోర్టులో ఇరుక్కుంటామని డాక్టర్ల భయం. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చిన నాటి నుంచి ఆ భయం పెరిగింది, అర్థం చేసుకోదగిందే. కానీ 2005లో జేకబ్ మాథ్యూ కేసులో అదే సుప్రీంకోర్టు, నిర్ణయంలో పొరపాటు జరిగినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదని చెప్పింది. సందేహాన్ని నమోదు చేసి రెండో అభిప్రాయం కోరిన రిపోర్టు డాక్టరుకు రక్షణే. రోగుల నమ్మకం సడలుతుందనే వాదన మాత్రం నాకు అంతుబట్టదు. నంద్యాల మనిషి ఇప్పటికే ఫిల్ము కవరు చంకన పెట్టుకుని కర్నూలు, హైదరాబాద్, బెంగళూరు తిరుగుతున్నాడు. ఒక్కోచోట ఒక్కో జబ్బు పేరు, ప్రతి రిపోర్టులోనూ అంతే ధీమా. నమ్మకాన్ని తినేస్తున్నది ఆ ధీమాయే.

ఇంకొకటి మిగిలింది, దీన్ని పట్టించుకునేవారు మరీ తక్కువ. సిలికోసిస్ ఒక్క ఫిల్ముతో తేలే జబ్బు కాదు. ధూళికి దూరమయ్యాక కూడా అది ముదరవచ్చు. రెండు మూడేళ్ల తేడాతో తీసిన ఫిల్ములను పక్కపక్కన పెట్టి చూస్తేనే మచ్చలు పెరిగాయా, టి.బి. మందులకు తగ్గాయా అన్నది తెలుస్తుంది. ఒంటరి ఫిల్ము మీద విభేదించే డాక్టర్లకు పాత ఫిల్ము చేతికందితే చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. కానీ మన ఆసుపత్రుల్లో పాత ఫిల్ము రోగి ఇంట్లో కవరులో చెమ్మబారిపోతుంది, లేదా స్కానింగ్ సెంటర్ కంప్యూటర్‌లో కొన్నాళ్లకే చెరిగిపోతుంది. రాతి పనిలోకి కొత్తగా దిగే ప్రతి కుర్రవాడికీ మొదటి ఏడాదే ఒక ఎక్స్‌రే తీసి, గ్రేడు, ఫిల్ము నాణ్యత, చదివిన డాక్టరు పేరు, వృత్తి ముందే తెలిసి చదివారా లేదా అన్న నాలుగు సంగతులు రాసి, ఆ బొమ్మను అసలు రూపంలోనే జిల్లా ఆసుపత్రిలో ఇరవై ముప్పై ఏళ్లు భద్రపరచాలి. అందుకయ్యే ఖర్చు నాలుగు హార్డ్‌డిస్కులు, ఒక ఉద్యోగి జీతం.